బొట్టు పెట్టిన బ్రేకు

మేం పనిచేసిన అరబ్బు ఊరు బుసైతీన్ మొత్తం మీద గడ్డి కోసే ట్రాక్టరును ఒక్క తాళం తిప్పుతో లేపగలిగిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. నేను దగ్గరికెళ్ళి గొంతు సవరించుకుంటే చాలు, ఇంజను ఉలిక్కిపడి లేచేది. మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు ఆసామి, మా కఫీల్, చుట్టాలందరికీ నన్ను చూపించి మురిసిపోయేవాడు. ఈ మాట ఇక్కడే ఉంచండి. కాసేపట్లో నేనే దీన్ని కడిగేస్తాను.

తొంభై ఆరు ప్రాంతం అది. ఆ ఇంట్లో మేకలు, ఖర్జూరం చెట్లు నా వంతు. తోట లోవరాజుది. అతని భార్య వీరలక్ష్మి వంటింట్లో. డ్రైవరు ఖుర్రం జగిత్యాల మనిషి. మా అందరి మీదా మేస్త్రీ కన్నబాబు.

కఫీల్ ఆ ట్రాక్టరును, దేశం విడిచి వెళ్ళిపోతున్న ఒక తెల్లదొర దగ్గర కొన్నాడు. కొని మేకల దొడ్డి పక్కన రేకుల షెడ్డులో పడేశాడు. ఏడాదిపాటు ఆ వీధి పిల్లులన్నీ దాన్ని పురుటిగదిగా వాడుకున్నాయి. ఈలోపు లాన్ మోకాలెత్తు పెరిగింది. పెరగదు మరి? ట్యాంకరు తెచ్చి పోసేది శుభ్రం చేసిన మురుగునీళ్ళాయె. శుభ్రం చేశామని వాళ్ళంటారు. మా ముక్కులు మాత్రం ఏనాడూ ఒప్పుకోలేదు.

ఒక గురువారం సాయంత్రం కఫీల్ వచ్చి లోవరాజును పిలిచాడు. "రేపు మా అమ్మాయి సంబంధం ఖాయం చేసుకోవడానికి పెద్దవాళ్ళు వస్తున్నారు. నేను నమాజు నుంచి వచ్చేసరికి ఆ బండితో గడ్డి కోసి ఉండాలి. ట్రాక్టరు తోలతాననేగా పనిలో చేరావు? తోలలేకపోతే ఖలాస్. టికెట్ చేతికిస్తాను."

లోవరాజు నిజంగానే అలా చెప్పి చేరాడు. అతను ఊళ్ళో ట్రాక్టరు ఎక్కిన మాట నిజమే, చక్రం మీది రేకు మీద కూర్చుని సంతకెళ్ళాడు. అంతే. ఇప్పుడతన్ని పంపేస్తే వీరలక్ష్మి వెళ్ళడానికి లేదు, ఆమె వీసాకింకా రెండేళ్ళుంది. ఒకే ఇంట్లో పని దొరకాలని ఎన్ని గుమ్మాలు తిరిగారో పాపం. ఆ రాత్రి ఆమె చేసిన చారులో ఉప్పు లేదు, ఎవరికి వాళ్ళం కలుపుకుని తిన్నాం.

శుక్రవారం పొద్దున్నే బండిని షెడ్డులోంచి తోశాం. "లోపల స్టార్ట్ జెయ్యొద్దు, పొగకు సస్తం" అన్నాడు ఖుర్రం. కింద గీకాలంటే ముందు ప్లగ్గు వైరు పీకాలన్నాడు.

"ఆగున్న ఇంజనుకి వైరు పీకడమేంటయ్యా?" అన్నాను.

"చాచా, నువ్వు చెయ్యి పెట్టినంక బ్లేడు గిర్రున తిరిగితే, ఊరికి నువ్వు పోతవా, నీ చేతి ఏళ్ళు పోతయా?"

వైరు పీకాం. అన్నం ముందు కూర్చుని చదివేవాళ్ళెవరైనా ఉంటే ఈ కాస్తా దాటెయ్యండి. బ్లేడు చుట్టూ బోర్లించిన పళ్ళెంలా పెద్ద రేకు ఉంటుంది. దాని లోపల దొరగారి కాలంనాటి గడ్డి నల్లగా కుళ్ళి, పేడకళ్ళిలా అతుక్కుపోయింది. గీకితే పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. ఊడిన చోట తెల్లటి పురుగులు, మేమేదో వాళ్ళ నిద్ర పాడుచేసినట్టు విసుగ్గా కదిలాయి. పిల్లి బొచ్చు, గుడ్డు పెంకులు, పేరు చెప్పలేని జిగురు. గీకడం అయ్యాక ఖుర్రం ప్లగ్గు వైరు మళ్ళీ తగిలించాడు. నా చేతులు మూడు సబ్బులరిగినా ఆ వాసన వదల్లేదు. వారం రోజులు చెంచాతో తిన్నాను.

అదైనా నయం, దానికి ప్రాణం లేదు. రోతకు కాళ్ళూ చేతులూ మొలిస్తే మా మేస్త్రీ కన్నబాబు. ఆయిలుందో లేదో చూడమంటే, ఆయిలు కొలిచే కమ్మి లాగి, లుంగీకి తుడిచి, ఆ లుంగీతోనే మొహం తుడుచుకున్నాడు. అక్కడితో ఊరుకోలేదు. కమ్మి కొసను చెవిలో పెట్టి, కళ్ళు అరమోడ్చి, మెల్లగా తిప్పుకున్నాడు. బయటికి వచ్చిన సరుకును ఎండలో పెట్టి చూసుకుని, కమ్మిని మళ్ళీ ఇంజనులోకి దించేశాడు.

"ఉంది. నిండుగా ఉంది" అన్నాడు.

"ఎక్కడ, సెవిలోనా?" అన్నాను.

"నీకెందుకెహె! మేస్త్రీని నువ్వా నేనా?"

ఖుర్రం ఆ కమ్మిని పెట్రోలుతో కడిగి మళ్ళీ కొలిచాడు. నిజంగానే సరిపడా ఉంది. కన్నబాబు మీద నాకింకా అసహ్యమేసింది.

పెట్రోలు కూడా అంతే. గరాటా ఉంది, డబ్బా ఉంది. ఈయన డ్రమ్ములో గొట్టం పెట్టి నోటితో పీల్చాడు. నోరు నిండా పెట్రోలు. దాన్ని తీసుకెళ్ళి వీరలక్ష్మి పెంచుకునే పుదీనా మడిలో ఉమ్మాడు. మూతి తుడుచుకోకుండానే సిగరెట్టు నోట్లో పెట్టి అగ్గిపెట్టె తీశాడు.

"ఓరి నాయనో!" అంటూ లోవరాజు మీదపడి అగ్గిపెట్టె లాక్కుని మేకల దొడ్లోకి విసిరేశాడు. ఒక మేక దాన్ని నమిలి మింగేసింది. మూడు రోజులపాటు దాని వెనక నిలబడటానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత లాన్‌లో చెత్త ఏరడం. బ్లేడు కింద పడ్డది రాయైనా ఎముకైనా తుపాకీ గుండులా ఎగురుతుందని ఖుర్రం చెప్పాడు. మాంసం ఎముకలు ఏరాం, సోడా డబ్బాలు ఏరాం. ఆ ఇంటి ఆయా పసిపిల్లల డైపర్లను కిటికీలోంచి విసిరేది. అవి ట్యాంకరు నీళ్ళు తాగి దిండ్లలా ఉబ్బి ఉన్నాయి. ఒక్కొక్కటీ కర్రతో ఎత్తుతుంటే కారేది. ఇంక చాల్లే, చెప్పను.

ఇంతలో కఫీల్ హారన్ కొట్టాడు. నమాజుకు తీసుకెళ్ళాలి. ఖుర్రం పరిగెత్తుతూనే చెప్పాడు. "లోవరాజన్నా, యాదికుంచుకో. బ్లేడు మీట కిందికుండాలె, గేరు నడిమిట్ల ఉండాలె. బ్రేకు పెడలు పూరా తొక్కి పట్టినంకనే తాళం తిప్పాలె. పెడలు తొక్కకపోతే బండి లెవ్వదు. మనిషి సీటు మీదికెల్లి లేస్తే కూడా బందైతది. గట్లనే జేసిండ్రు దాన్ని."

కారు గేటు దాటగానే వీరలక్ష్మి పసుపు, కుంకం, నిమ్మకాయలు, కొబ్బరికాయ పట్టుకొచ్చింది. కొత్తగా తోలే బండికి పూజ లేకుండా మనవాళ్ళకు చెయ్యాడదు కదా. ముందు బానెట్టుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. స్టీరింగుకు పెట్టింది, చక్రాలకు పెట్టింది. మొగుడి ఉద్యోగం నిలబెట్టేది అదేనని విన్నది కాబట్టి బ్రేకు పెడలుకు మరీ శ్రద్ధగా, మూడు బొట్లు పెట్టి పువ్వు కూడా అంటించింది. పెట్రోలు దగ్గర కర్పూరం వద్దన్నాను, దూరంగా గోడవార వెలిగించింది. అక్కడే కొబ్బరికాయ కొట్టింది. చెక్కలు గడ్డిలోకి ఎగిరిపడితే, బ్లేడు కింద పడతాయని వంగి ఏరుకోసాగింది.

లోవరాజు చెప్పులు విప్పి సీటెక్కాడు. పెడలు వైపు చూశాడు. మూడు బొట్లూ, పువ్వూ. రెండు కాళ్ళూ పైకి లాక్కుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"తొక్కవేంటయ్యా?" అన్నాను.

"ఎలా తొక్కమంటావు బాబాయ్? బొట్టెట్టింది కదా!"

మాకూ నిజమేననిపించింది. చేత్తో నొక్కమన్నాం. వంగి చేత్తో నొక్కితే సీటు మీంచి లేచాడు, బండి లేవలేదు. సీటు మీద కూర్చుంటే చెయ్యి అందలేదు. ఇటు లేస్తే అటు బందు, అటు కూర్చుంటే ఇటు బందు. చెమటలో అతని బనీను తడిసి ఒంటికతుక్కుపోయింది. మసీదులో ఖుత్బా, అదే నమాజు ముందు చేసే ప్రసంగం, మొదలైంది, మైకులో వినిపిస్తోంది.

"తప్పుకోండెహె" అన్నాడు కన్నబాబు. సీటు కింద, పెడలు పక్కన చెయ్యి పెట్టి తడిమాడు. "ఇగో, ఈ వైర్లే అడ్డం." సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితాన్ని ఉమ్మితో తడిపి, రెండు చోట్లా వైర్లను కలిపి చుట్టేశాడు. గేరు ఎక్కడుందో చూడలేదు. బ్లేడు మీట పైకుందో కిందికుందో చూడలేదు. పక్కన నిలబడి తాళం తిప్పాడు.

ఒక్కసారిగా లేచింది. లేవడమేమిటి, బయల్దేరింది! కింద బ్లేడు గిర్రుమంటోంది, పైన లోవరాజు బాసింపట్టులో ఉత్సవ విగ్రహంలా ఊగుతూ సీటు పట్టుకుని ఉన్నాడు. మేం ఏరకుండా వదిలేసిన డైపరొకటి పక్కనుంచి ఎగిరొచ్చి కన్నబాబు మొహాన చప్పున అతుక్కుంది.

బండి తిన్నగా గోడవైపు వెళుతోంది. అక్కడ వీరలక్ష్మి వంగి కొబ్బరి చెక్కలేరుతోంది.

నా గొప్పలు కడిగేస్తానన్నాను కదా, ఇదిగో. ఆ క్షణాన ఆ మొనగాడు మేకల దొడ్డి గోడెక్కి కూర్చున్నాడు. ఆ సీటు మీద నేను ఆ రోజూ కూర్చోలేదు, తర్వాతా కూర్చోలేదు. తాళం ఎటువైపు తిప్పాలో ఇప్పటికీ తెలియదు.

"లచ్చిమీ, తప్పుకో! తప్పుకో!" లోవరాజు అరిచాడు. ఆమె తిరిగి చూసింది. వెనక ప్రహరీ, పక్కన దొడ్డి గోడ.

"బ్రేకు తొక్కండి!" అంది.

"బొట్టే!"

"ఎట్టిందాన్ని నేనే కదా! నేను సెబుతున్నాను, తొక్కండి!"

లోవరాజు కళ్ళు గట్టిగా మూసుకుని కాలు దించి, పువ్వుతో సహా అడుగంటా తొక్కాడు. బండి ఆగింది. ఆమెకు జానెడు దూరంలో ఆగింది. తాళం తిప్పేసి దిగి, ఆమె ముందు గడ్డిలో చతికిలపడ్డాడు. ఆమె అతని అరికాలి కుంకాన్ని కొంగుతో తుడిచింది.

ఆ వెండి కాగితాన్ని లోవరాజే ఊడబీకి, వైర్లను మునుపటిలా పెట్టాడు. బ్లేడు మీట దించాడు, గేరు నడిమికి తెచ్చాడు. ఈసారి కాలు పెడలు మీద నిలబెట్టి తాళం తిప్పాడు. కఫీల్ వచ్చేసరికి లాన్ ముప్పాతిక కోసి, బండి ఆపి దిగాడు. కోసిన గడ్డి కంపుకు కఫీల్ తలగుడ్డ కొస ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవరు నడిపారు?"

"నేనే బాబా!" కన్నబాబు మొహం కూడా సరిగ్గా కడుక్కోకుండా ముందుకొచ్చాడు. మాకు కక్కొచ్చినంత పనైంది.

"ఏదీ, స్టార్ట్ చెయ్."

కన్నబాబు తన వెండి కాగితం ఇంకా ఉందనుకుని సీటెక్కి, కాళ్ళు జారేసి, తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాడు. లేదు. ఖుర్రం వెనక్కి తిరిగి దగ్గుతున్నట్టు నవ్వుకున్నాడు. కఫీల్ లోవరాజు వైపు వేలు చూపించాడు. లోవరాజు ఎక్కి, పెడలు తొక్కి, తాళం తిప్పాడు. లేచింది.

"యల్లా, మిగతాది కొయ్. ఇంక ఈ బండి డ్యూటీ నీదే" అని ముక్కు మూసుకునే లోపలికి పోయాడు. కిటికీ దగ్గర వీరలక్ష్మి చేతిలో గిన్నె అలాగే ఉంది, కళ్ళు మాత్రం కారుతున్నాయి.

ఇందులో నేను కల్పించింది ఇంకొక్కటుంది. జానెడు దూరం అన్నాను కదా, అది అబద్ధం. ఇరవై అడుగులకు తక్కువుండదు, గోడ మీంచి నాకు బాగానే కనిపించింది. లోవరాజును మాత్రం అడక్కండి. అతను జానెడు కూడా లేదంటాడు.