కుడి పక్క పక్షి

అరచేతిలో రంగుల పొడి.

పసుపు ఉంది. నీలం ఉంది. ఎరుపు మాత్రం చిటికెడే — అయినా ముందు కంటికి తగిలేది అదే.

షికాగో. సగం ఎత్తిన గ్యారేజీ తలుపు. సరస్సు మీది గాలికి వీపు పెట్టి, రెనాటా పాత పిన్‌బాల్ ఆట మిషన్ చెక్క పెట్టెను ఉప్పు కాగితంతో రుద్దుతోంది. పెట్టె వాల్టర్ కుబియాక్‌ది. అంతకు ముందు ఆయన భార్య ఇరీన్‌ది, ఆమె నడిపిన బారుది. ఇరీన్ పోయాక ఆయన దీన్ని తెచ్చి, కొత్తదానిలా చెయ్యమన్నాడు.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. పెట్టెకు రెండు పక్కలా ఒకటే బొమ్మ, అద్దంలో చూసినట్టు. బాగున్న పక్క మీద పల్చటి కాగితం పరిచి గీతలు దించుకుంటారు. కాగితం తిరగేస్తే రెండో పక్క. ఇక రెండు పక్కలా పాత రంగు గీకేసి కొత్తగా వేయొచ్చు.

అందరూ అంతే చేస్తారు.

ఆమె కూడా అంతే చేసింది.

ఎడమ పక్క పక్షిని దించుకుంది. నీలి నీటి మీద పసుపు రెక్కలు... కుడి పక్క పక్షికి కన్ను దగ్గర ఏదో ఎర్రటి మరక. గట్టిగా, మెరుస్తూ. ఎవరో ఏదో చిందించారనుకుంది. కాస్త బలంగా రుద్దింది.

పోయింది.

అప్పుడే వాల్టర్ వచ్చాడు, చేతిలో జామ్ పెట్టి వేయించిన పొంచ్కీ బన్నుల సంచితో.

"ఏమ్మా, ముసలిదాన్ని నున్నగా గొరిగేశావే! నా మొహం కూడా ఓ పట్టు పట్టరాదూ?"

"మీకైతే రెండు డబ్బాల పుట్టీ పడుతుంది కుబియాక్ గారూ."

పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కుడి పక్కకు వెళ్లి, ఉత్త చెక్క మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇక్కడే. కన్ను రాలిపోతే మా ఇరీన్ తన గోళ్ల రంగుతో దిద్దింది. గుడ్డి పక్షితో ఎవడాడతాడంది. అది దించుకున్నావుగా?"

చెక్క మీద ఆయన చెయ్యి. చెయ్యి కింద ఏమీ లేదు.

"కాగితం మీద... కన్ను ఉందండీ."

ఉంది. ఎడమ పక్షిది. ఫ్యాక్టరీ వేసిన కన్ను, గుండ్రంగా, ఏ వంకా లేకుండా.

"అయితే సరే. కొంచెం వంకరగా ఉంటుంది చూడు, దిద్దేవు సుమా! వంకరగానే ఉంచు."

ఎటు వంకర?

ఎలా అడుగుతుంది?

ఆయన వెళ్లాడు. పొంచ్కీల సంచి బల్ల మీద ఇంకా వెచ్చగా ఉంది. రెనాటా నేల మీద మోకాళ్లూని, పెట్టె కింద రాలినదంతా అరచేతిలోకి తీసుకుంది. వెలుగులోకి పట్టింది.

బయట ఆయన కారు దగ్గుతోంది. ఇంకా కదల్లేదు. పిలిస్తే వినబడుతుంది.

నోరు తెరిచింది—

తలుపు కింద నుంచి సరస్సు గాలి.

అరచేతిలో పసుపు. నీలం. ఆ చిటికెడు ఎరుపు...

పిడికిలి మూసింది.