గ్లోరియా గదికి జమానతు

లాభం లేని పనికి నేను దుకాణం మూయను. ఆ శుక్రవారం మూశాను. గోదావరిఖనిలో నాది ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. బొగ్గుబావుల కంపెనీ జీతాలు పడిన మరునాడు అది. గల్లా నిండే రోజు షట్టర్ దించి కరీంనగర్ బస్సెక్కానంటే కారణం సామ్యేలన్నే.

సామ్యేల్ నా దుకాణానికి పాత గిరాకీ, బొగ్గుబావిలో ఫిట్టర్. రిటైర్మెంట్‌కు ఇంకో ఏడాది ఉంది. ఆయన కూతురు గ్లోరియాకు కరీంనగర్‌లో పారామెడికల్ సీటు వచ్చింది. అంబులెన్సులో పనిచేసేవాళ్లు చదివే కోర్సు. శనివారం సాయంత్రంలోగా ఫీజు మొత్తం కట్టకపోతే ఆ సీటు వేరేవాళ్లకు పోతుంది. సగం ఫీజు సామ్యేలన్న పీఎఫ్ నుంచి తెచ్చాడు. మిగతా సగం బ్యాంకు ఇవ్వాలి. పిల్ల ఎక్కడ ఉంటుందో కాగితం చూపనిదే బ్యాంకు ఇవ్వదు. కాలేజీకి హాస్టల్ లేదు. అంటే అద్దె గది దొరికి అగ్రిమెంట్ అయితేనే లోను, లోను వస్తేనే ఫీజు, ఫీజు కడితేనే సీటు. నెల రోజులుగా ఈ వరుస చెబుతూనే ఉన్నాను. వింటే కదా!

"గదిదేముందే ఉపేందర్, అక్కడికి పోయిన్నాడు దొరకదా?" అనేవాడు. పెళ్లయినప్పటి నుంచీ కంపెనీ క్వార్టర్‌లోనే ఉన్న మనిషి. ఆఫీసులో పేరు రాయిస్తే చేతిలో తాళంచెవి పెడతారు, ఇల్లంటే అంతే ఆయనకు.

గ్లోరియాతో కలిసి ముగ్గురం కాలేజీ వెనక సందులన్నీ తిరిగాం. ఒకాయన ఆరు నెలల అడ్వాన్సు అడిగాడు. ఇంకొకాయన ఆడపిల్లలకు ఇవ్వనన్నాడు. చివరికి సంధ్యారాణి అనే రిటైర్డ్ టీచరమ్మ ఇల్లు దొరికింది. మేడ మీద ఒక గది, విడిగా బాత్రూం, మంచి గాలి. బేరమాడి అద్దెలో ఐదువందలు తగ్గించాను. ఆమె అగ్రిమెంట్ కాగితం బల్ల మీద పెట్టింది. నేను పెన్ను మూత కూడా తీశాను.

"కరెంట్‌కు వేరే మీటరుంది. ఎన్ని యూనిట్లు గాల్తె అన్ని మీరే కట్టుకోవాలె," అంది టీచరమ్మ.

సామ్యేలన్న నా వంక చూశాడు. "అద్దె ఇస్తున్నం గద? మళ్ల కరెంటుకేంది?"

"మరి కరెంటు ఊకెనే వస్తదా?"

"మాకు కంపెనీ క్వార్టర్ల ఊకెనే వస్తది."

బల్ల కింద ఆయన కాలు తొక్కాను. బావిలోకి వేసుకునే బూట్లతో వచ్చాడు, ఏమీ తెలియలేదు.

"వంట ఎట్లమ్మా? చిన్న సిలిండర్ పెట్టుకుంటవా?" టీచరమ్మ గ్లోరియాను అడిగింది. ఆ పిల్ల నోరు తెరిచేలోపే సామ్యేలన్న సంచి విప్పి హీటరు తీశాడు. ఇనుప స్టాండు, పింగాణీ పళ్లెం, మందపాటి కాయిల్. మా కాలనీల్లో ఇంటింటికీ రెండుంటాయి. ఒకదాని మీద అన్నం, ఇంకోదాని మీద స్నానానికి నీళ్లు.

"సిలిండర్ ఎందుకు దండుగ! మా ఇంటామె సుగుణమణి ఉపేందర్ దుకాణంలనే కొత్తది కొనిచ్చింది. పొద్దుగాల పెడ్తె రాత్రి దాక ఎర్రగనే ఉంటది."

టీచరమ్మ కాగితం వెనక్కి లాక్కుంది.

"ఇల్లు కాలవెడ్తరా ఏందయ్యా? ఇంతకుముందు మీ దిక్కు పిల్లలకే ఇచ్చిన. గిదే హీటరు. వైరింగంత కరిగిపాయె. మీకు ఇయ్య, లెవ్వుండ్రి."

గ్లోరియాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "డాడీ, నేను వద్దని మొత్తుకున్న గద!"

"మరి రెండేండ్లు చల్లన్నం తింటవా?"

"కర్రీ పాయింట్ల తెచ్చుకుంట. సీటు పోయినంక నీ హీటరు మీద ఏం వండుకోవాల్నో జెప్పు!"

ఆయన హీటరు వదల్లేదు. నాకు తెలిసిన భాష ఒక్కటే, లెక్క. "అన్నా, అది గంటకు రెండు యూనిట్లు తాగుతది. నువ్వన్నట్టు రాత్రి దాక పెడితే నెల బిల్లు అద్దెను దాటుతది."

"అవునా? మరి అమ్మినప్పుడు జెప్పలేదేంది?"

"నీకు బిల్లు వస్తె గద చెప్పనీకి!"

ఆయన హీటరును మెల్లగా సంచిలో పెట్టుకున్నాడు. గ్లోరియా టీచరమ్మ దగ్గరికి వెళ్లింది. "ఇది డాడీతోని వాపస్ పోతది టీచర్. నేను సిలిండరే వాడుత."

"ఆ పిల్లలు గూడ గట్లనే అన్నరు. మంచం కింద దాచిపెట్టిన్రు. జమానతు ఉండాలె. సొంతిల్లు ఉన్నోళ్లు సంతకం చెయ్యాలె."

సామ్యేలన్నకు ఉన్నది క్వార్టర్. అది కంపెనీది. సొంతిల్లు ఉన్నది నాకే. ముగ్గురూ నా వైపు చూశారు.

దుకాణంలో అరువు ఇస్తాను కానీ, ఒకరి కోసం సంతకం పెట్టను. లారీ లోనుకు పెట్టలేదని మా బావ నాతో మాట్లాడటమే మానేశాడు. అలాంటిది ఇప్పుడు ఒకరి కూతురు హీటరు వాడదని నేను పూచీ పడాలి! లోపల లెక్క వేశాను. వైరింగు కాలితే వైరు నా దుకాణంలోదే, కూలీ ఒక్కటే నష్టం. సీటు పోతే ఆ పిల్లకు ఒక ఏడాది పోతుంది. దానికి నా దుకాణంలో సరుకు లేదు. సంతకం పెట్టాను.

"నేను తేను కాకా," అంది గ్లోరియా.

"నువ్వు తేవు బిడ్డా. మీ అమ్మ తెస్తది, నాకు గదే ఫికర్."

అగ్రిమెంట్ ఫోటో బ్యాంకుకు పంపి, పిల్లను గదిలో దింపి, సాయంత్రం బస్సెక్కాం. సామ్యేలన్న ఒళ్లో హీటరు. పెద్దపల్లి దాటాక నోరు విప్పాడు.

"ఉపేందర్, నేను నౌకరి దిగిపోయినంక క్వార్టర్ ఖాళీ చెయ్యాలె గద. అప్పుడు మాకు గూడ మీటరేనా?"

"మీటరే."

"ఫ్రిజ్జుకు?"

"పడతది."

"కూలర్లకు?"

"రెండింటికీ పడతది." ఎన్ని యూనిట్లో, ఎంత బిల్లో వరసగా చెప్పాల్సి వచ్చింది. ఒక్కోదానికి ఆయన ముఖం వాడిపోతుంటే నాకు విసుగు పెరిగింది. ఇన్నేళ్లూ ఈ మనిషి ఏ లోకంలో ఉన్నాడు?

బసంత్‌నగర్ దగ్గర లారీలు అడ్డం వచ్చి బస్సు ఆగింది. అప్పుడే గ్లోరియా ఫోన్ చేసింది. బ్యాంకు మేనేజరు మాట్లాడాడట, రేపు పొద్దున్నే కాలేజీకి డబ్బు పంపుతాడట. నేను ఊపిరి పీల్చుకునేలోపు సామ్యేలన్న ఫోన్ లాక్కున్నాడు.

"తిన్నవా బిడ్డా?"

"పప్పు తెచ్చుకున్న డాడీ."

"వేడిగుందా?"

"ఉన్నది."

"గదిల లైటేసినవా?"

"ఆఁ, ఏసిన."

"ఫోన్ల మాట్లాడనీకి లైటెందుకే? జల్ది బంద్ జెయ్యి, మీటరు తిరుగుతది!"