ఒట్టి చేతుల కోడలు

బంగారుపాళ్యం దాటి మద్రాసు రోడ్డు మీద కొంచెం దూరం పోతే ఎడంపక్క మామిడితోపు, తోపులో పెంకుటిల్లు. ఆ ఇంట్లో తెల్లారడమే దేవకమ్మ నోటితో తెల్లారేది. కోడి కూయకముందే లేసి, గడప పక్కన కూర్చొని చిన్నకోడల్ని అందుకునేది.

"ఏమ్మే శకుంతలా, కసువు ఊడ్సేదానికి నీకు మేళతాళాలు పెట్టాల్నా? పొయ్యి మీద నీళ్లు యాడ? మీ పుట్టింటి ఎనుము గూడా నీకంటే ముందు లేస్తాది."

శకుంతల మారు మాట్లాడేది కాదు. కసువు ఊడ్చి, పేడనీళ్లు చల్లి, సంగటికి ఎసరు పెట్టేది. ఆపాటికి పెద్దకొడుకు మునిరత్నం, కాయలు నింపిన బండిని ఎద్దుల్తో పనిలేకుండా భుజానికెత్తుకొని పోయి, రోడ్డు మీద నిలబడిన లారీ పక్కన దించేవాడు. ఆయప్ప పెండ్లాం చంద్రకాంతమ్మ గంపల కాడ కూర్చొని పచ్చికాయల మీద చెయ్యి పెట్టేది. చెయ్యి తీసేలోపల అవి పండిపోయేవి. గుజ్జు తీసే ఫ్యాక్టరీవాళ్లకు పండిందే కావాల. మిగతా తోపులవాళ్లు గడ్డి పరిచి, కాయలు మాగేసి, ఎలుకల్తో ఏగలేక సస్తా ఉంటే వీళ్లకు ఆ బాధే లేదు. ఇంక శకుంతల మొగుడు జయరామ్ ఉండాడే, ఆయప్పకు వచ్చింది మాయమైపోయే విద్య. ఇష్టం లేని మాట చెవిన పడితే చాలు, కూర్చున్న చోట మనిషి కనపడడు. మంచం మాత్రం కిర్రుమంటుంది.

ఊళ్లో ఎవరికీ ఇదేమీ వింతగాదు. ఫలానా ఇంటోళ్లకు గొంతు బాగుంటుంది, ఫలానావాళ్లు పచ్చకామెర్లకు మందిస్తారు అన్నట్టే ఇదీ. ఆ ఇంట్లో పుట్టినోళ్లకూ, తాళి కట్టించుకొని వచ్చినోళ్లకూ మనిషికొక విద్య వచ్చేది. అన్నిట్లోకీ గట్టిది దేవకమ్మది. గడప కాడ ఆమె మాటే మాట. ఉండు అంటే ఉండాల్సిందే, పో అంటే పోవాల్సిందే. అన్న మాట ఆమే వెనక్కి తీసుకోవాల, ఇంకెవరి వల్లా కాదు. ఒకసారి మునిరత్నం అలిగి చిత్తూరికి పోతానని బయల్దేరితే "యాడికిరా, ఉండు" అనింది. అంతే, ఒక కాలు గాల్లో పెట్టుకొని మిట్టమధ్యాహ్నం దాకా కొంగ మాదిరి నిలబడినాడు. బండి ఎత్తే బలం ఆడ ఎందుకూ కొరగాలేదు.

శకుంతలకు మాత్రం ఏమీ రాలేదు. పెండ్లయి రెండు మామిడికాపులు పోయినాయి, ఊహూ. 'ఒట్టి చేతుల కోడలు' అని పేరు పెట్టేసినారు. చంద్రకాంతమ్మ ఒక్కతే "పోనీలే చెల్లీ, బాధపడబాకు, నీకూ వస్తాది" అని తల నిమిరేది. ఈ కొంపలో నాకు దిక్కు ఈ అక్క ఒక్కతే అనుకునేది శకుంతల, పిచ్చిది.

ఒకనాడు ఊరిబిండి పచ్చడి నూరతా, పులుపుకని పచ్చిమామిడికాయ చేతికి తీసుకుంది. చేతిలోనే అది మెత్తబడి, పసుపు తిరిగి, ఇల్లంతా వాసన కొట్టింది. ఊరిబిండి తియ్యగా అయిపోయిందని అత్త పెట్టిన తిట్లు అటుండనీ, శకుంతల సంతోషం పట్టలేక తోడికోడలి కాడికి పరిగెత్తింది.

"అక్కా, నాకూ వచ్చింది! అచ్చం నీది మాదిరే!"

చంద్రకాంతమ్మ మొగం మాడిపోయింది. "ఒకరిది ఇంకొకరికి ఎప్పుడూ రాలేదే ఈ ఇంట్లో" అని గొణుక్కుంటా గంపల కాడికి పోయింది.

ఆ వారంలోనే శకుంతల అన్న నారాయణ తిరుపతి నుంచి వచ్చినాడు. పోయినేడు పుట్టింటికి పోయినప్పుడు శకుంతల నర్సు పని నేర్చుకుంటానని ఒక ఆస్పత్రిలో అడిగి వచ్చింది. పెండ్లయినోళ్లను తీసుకోరేమోనని భయపడింది గానీ సీటిచ్చినారని కబురు తెచ్చినాడు. సోమవారం వచ్చి చేరాల. చేరకపోతే వెనక కాచుకొని ఉండే పిల్లకు ఇచ్చేస్తారు. శకుంతల పదో తరగతిలో స్కూలుకంతా మొదటొచ్చిన పిల్ల. ఆ మాట వినగానే చేతిలోని చెంబు కింద పెట్టి అన్న చెయ్యి పట్టుకుంది.

తింటా ఉన్న సంగటి తోసేసి లేసినాడు మునిరత్నం. "మా ఇంటి కోడలు పోయి ఊరోళ్ల పుండ్లు కడగాల్నా? మేము సచ్చినామా?"

"కడిగితే ఏమైతాదప్పా? దొంగతనమా, లంజతనమా?" అన్నాడు నారాయణ.

"నా ఇంట్లో నిలబడి నాకే ఎదురు మాట్లాడతావా? ఒరేయ్! ఇంకొక్క మాటన్నావంటే నిన్నూ, నువ్వొచ్చిన బస్సునూ కలిపి చెరువులో ఏస్తా!"

బస్సును ఎత్తగలిగిన మనిషి అన్న మాట అది. నారాయణ చెల్లెలి వైపు చూసి, తలొంచుకొని పోయినాడు. వెంట పోదామని శకుంతల లేసేసరికి దేవకమ్మ గడప కాడి నుంచి అరిచింది.

"దాటినావంటే సూడు. ఉండు ఈడ్నే!"

కాళ్లు నేలకు అతుక్కపోయినాయి. ఎంత ఏడ్చినా బయటికి ఒక్క అడుగు పడలేదు. ఇంట్లో, పెరట్లో పనికైతే కదిలేవి, బయటికి తిరిగితే మాత్రం అతుక్కపోయేవి.

మరుసటి పొద్దున రోట్లో పొత్రం తీద్దామని వంగితే, అది చిటికెనవేలికి వచ్చేసింది. ఎత్తినదాన్ని ఎత్తినట్టే పట్టుకొని ఆలోచించింది శకుంతల. బావ బలం ఇది. నిన్నటిదాకా ఆయప్పకు నేనొక లెక్కలోదాన్ని గాదు. నిన్ననే నా మీద పగపట్టినాడు, పొద్దున్నే బలం వచ్చింది. అంటే నన్ను ద్వేషించినోళ్లది నాకు వస్తుంది. అట్లైతే ఆ మామిడికాయ... చెల్లీ చెల్లీ అని తల నిమిరిన చెయ్యి గుర్తొచ్చింది. ఒళ్లు మండిపోయింది. పొత్రం దించబోతే చేతి పట్టుకు ఒక పెచ్చు ఊడి కింద పడింది.

సరే, ఇదీ మంచికే అనుకుంది. అందరికంటే నన్ను ద్వేషించేది అత్త. ఆమెది నాకు రావాల. వస్తే నా కాళ్లకు నేనే 'పో' అని చెప్పుకుంటా, సోమవారానికి తిరుపతిలో ఉంటా. గడప మీద తిరగతా ఉన్న పెట్టను చూసి "ఉండు" అనింది. కోడి ఒకసారి తల తిప్పి చూసి, దర్జాగా దాటుకొని పోయింది.

ద్వేషం చాలలేదేమోనని ఇంకొంచెం రాజేసింది. ఎప్పుడూ నోరెత్తనిది మాటకు మాట అప్పజెప్పింది. దేవకమ్మ ప్రాణంగా చూసుకునే ఆవకాయ జాడీని కావాలని కింద పడేసింది. దేవకమ్మ తిట్టిన తిట్లకు పక్క తోపులోవాళ్లు గూడా వచ్చి చూసిపోయినారు. "నీ చేతులు ఇరగ! నీ వంశం కాల! నిన్ను కన్నోళ్లను అనాల!" శకుంతల ఆశగా కోడి కాడికి పోయి "ఉండు" అనింది. కోడి పోయింది. ఈ ముసిల్ది ద్వేషంలో గూడా పిసినారే అని పండ్లు కొరుక్కుంది.

ఆదివారం వచ్చేసింది. ఇంక మిగిలింది మొగుడు. పెరట్లో మంచం మీద ఉంటే పోయి కాళ్ల కాడ కూర్చుంది.

"మీ అమ్మకు ఒక్క మాట చెప్పు. నువ్వు చెప్తే వింటాది. ఒక్కసారి నా తరపున మాట్లాడు, జన్మంతా నీకు ఊడిగం చేస్తా."

మంచం కిర్రుమనింది. మనిషి లేడు.

కొంగుతో కండ్లు తుడుచుకుంటా ఇంట్లోకి వస్తా ఉంటే, ఎదురుగా కడవతో వచ్చిన చంద్రకాంతమ్మ నేరుగా వచ్చి ఆమెను గుద్దుకుంది. "అమ్మో, ఏందిది!" అని గాలిని తడిమింది. శకుంతల తన చేతులు చూసుకుంది. చేతులు లేవు. కొంగు లేదు. ఆమె కనపడడం లేదు.

జయరామ్‌ది వచ్చేసింది.

మిగతావాళ్లు ద్వేషిస్తే ఒళ్లు మండింది గానీ ఇది గుండెలో పడింది. పిరికోడు అనుకుంది ఇన్నాళ్లూ. పిరికితనం కాదు, పక్కలో పడుకొని ద్వేషించినాడు. కనపడని శకుంతల నడింట్లో నిలబడి బిగ్గరగా ఏడ్చింది. ఎవరు ఏడుస్తా ఉండారోనని అందరూ వచ్చినారు. అప్పుడు కనపడింది.

"సూడండి అందరూ!" అనింది. గంపలోంచి పచ్చికాయ తీసి, పండించి, చంద్రకాంతమ్మ ఒళ్లో కొట్టింది. "ఇది నీ ప్రేమ, అక్కా!" రోట్లో ఉన్న పొత్రాన్ని ఒంటిచేత్తో ఎత్తి మునిరత్నం కాళ్ల కాడ దడేల్మని పడేసింది. "ఇది నీ పగ!" జయరామ్ వైపు తిరిగి మాయమై, మళ్లా కనపడింది. "ఇది నీ సంసారం. నన్ను అసహ్యించుకునేవాళ్లది నాకొస్తాది, తెలిసిందా? మీ అందరిదీ వచ్చింది. ఒట్టి చేతులదాన్ని నేను కాదు!"

చంద్రకాంతమ్మ చీర మీద రసం కారతా ఉంది. జయరామ్ మాయమయ్యేదానికి గూడా మొగం చెల్లక అట్లే నిలబడినాడు. దేవకమ్మ పెద్దకోడలి మొగం చూసింది, పెద్దకొడుకు మొగం చూసింది, చిన్నకొడుకు మొగం చాలాసేపు చూసింది. తర్వాత లేసింది.

"నా బిడ్డల్ని నడింట్లో నిలబెట్టి మానం తీస్తివే!" అని అరిచింది. "పో! పో నా ఇంట్లోంచి! నువ్వు మళ్లా ఈ గడప లోపలికి అడుగు పెట్టలేవు. ఎవరు తెచ్చినా పెట్టలేవు, నేను సచ్చినా పెట్టలేవు. పో!"

కాళ్లు తేలికైనాయి. వాటంతట అవే గడప దాటినాయి. కట్టుబట్టల్తో రోడ్డు మీదికొచ్చి, ఇప్పుడన్నా వచ్చుంటుందిలే అని, కంపకు మెడ చాపిన మేకను "ఉండు" అనింది. మేక వినలేదు. చిత్తూరు బస్సు వచ్చింది, ఎక్కేసింది.

సోమవారం ఆస్పత్రిలో చేరింది. మంచాన పడిన రోగుల్ని ఒంటిచేత్తో పక్కకు తిప్పి దుప్పటి మార్చేది. బావ కోపం ఇంకా చల్లారలేదని దాన్నిబట్టి తెలిసేది. వార్డులో అందరూ ఆ పిల్లనే పిలిచేవాళ్లు. నెలలు గడిచినాయి, మళ్లా మామిడికాపు వచ్చింది. ఇంట్లో చాకిరీ మొత్తం చంద్రకాంతమ్మ నెత్తిన పడింది, ఊళ్లో కోడలు లేచిపోయిందని నవ్వినారు. అన్నదమ్ములిద్దరూ తిరుపతికి వచ్చినారు.

"అమ్మకు బాగలేదు. నిన్ను తెమ్మనింది" అన్నాడు జయరామ్, గోడ వైపు చూస్తా.

ఎంత తిట్టినా అత్త గదా. శకుంతల సెలవడిగి బయల్దేరింది. వాకిట్లోకి వచ్చేసరికి దేవకమ్మ గుండ్రాయి మాదిరి గడప లోపల కూర్చొని చింతపండులో గింజలు తీస్తా ఉంది. ఏ రోగమూ లేదు.

"ఆ ఆస్పత్రి సంగతి ఇంక మర్చిపో. లోపలికి నడు" అన్నాడు మునిరత్నం.

మోసం తెలిసిపోయింది. అయినా వాళ్ల ముందు బెదరకూడదని అడుగేసింది. పడలేదు. కాలు గడప కాడికి పోయి గోడకు తగిలినట్టు ఆగిపోయింది. జయరామ్ వెనక నుంచి తోసినాడు, తన చేతులే నొప్పి పుట్టినాయి. తమ్ముడి పెండ్లాన్ని తాను తాకకూడదు గాబట్టి, మునిరత్నం గడప మానునే పట్టుకొని పెకలించబోయినాడు. మెడ నరాలు ఉబ్బినాయి, చెమటలు కారినాయి. మాను చలించలేదు.

"అమ్మా, ఆ మాట వెనక్కి తీసుకో!" అని రొప్పినాడు.

"నేను తీసుకోను. దాని మొగం సూస్తే నాకు మంట."

"ఎట్లమ్మా మరి? మేమెంత పీకినా ఇది లోపలికి రాదా?"

"రాదు."

శకుంతల గడప అవతల నిలబడి అత్తను చూసింది. వీళ్లు జుట్టు పట్టుకొని ఈడ్చుకొచ్చినా, ఊరంతా కలిసి మోసుకొచ్చినా, ఈ ఇల్లు ఇంక తనను పట్టుకోలేదు. ఆ రోజు అరిచి అరిచి ఈ ముసిల్ది చేసి పంపింది ఇదా అనుకుంది. కండ్లలో నీళ్లు గిర్రున తిరిగినాయి.

"అత్తా," అనింది, "నీది మాత్రం నాకు ఇంకా రాలేదు."

దేవకమ్మ తలెత్తలేదు. గింజ ఒకటి తీసి బయటికి విసిరేసింది.

"రాదు లేవే," అనింది. "పో. బస్సు ఎల్లిపోతాది."