లెక్కలోకి రాని ముద్దలు

కాటా మీద కంచం పెట్టి, అంకె సున్నాకి వచ్చేదాకా ఆగి, అప్పుడు అన్నం వడ్డించుకుంది ఆమె. నూట ఇరవై గ్రాములు. నాలుగు మెతుకులు ఎక్కువైతే తీసి గిన్నెలో వేసేసింది కూడా. వంద గ్రాముల అన్నంలో ఇరవై ఎనిమిది గ్రాముల పిండిపదార్థం ఉంటుందని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పగలంతా పార్సిల్ ఆఫీసులో కాటా ముందే కూర్చుంటుంది కాబట్టి, షుగరు వచ్చిందని తెలిసిన రోజున పెద్దగా బెంబేలెత్తలేదు. తూచి తినడమేగా, తూచడం నా పనేగా అనుకుంది. భర్త మాత్రం వెంటనే కారణం తేల్చేశాడు. "మా వంశంలో ఎవరికీ లేదు. అమ్మకి వాళ్ల పుట్టింటి నుంచి వచ్చింది, నీకు మీ పుట్టింటి నుంచి." ఆ తర్వాత ఆమె ఫోన్లో కేలరీలు లెక్కగట్టే యాప్ వేశాడు. ఆమె ఏం తిన్నా అందులో రాయాలి, సాయంత్రం సోఫాలో కూర్చుని దాన్ని తిరగేసి, "పొద్దున ఆ అరటిపండు అవసరమా?" అని అడిగే బాధ్యత ఆయనది. ఇంట్లో ఆయన నెత్తినేసుకున్న బాధ్యతలు బహు తక్కువ, అందులో ఇదొకటి.

అంత చేసినా మొన్నటి రక్తపరీక్షలో మూడు నెలల షుగరు సగటు తగ్గలేదు సరికదా, పెరిగింది. డాక్టరమ్మ కాగితం చూసింది, యాప్ చూసింది, ఆమె మొహం చూసింది. "ఈ లెక్క నిజమైతే ఇంత ఉండకూడదమ్మా. వచ్చేసారికి దిగకపోతే ఇంజక్షన్లు మొదలుపెట్టాల్సిందే," అంది. ఇంజక్షన్ల కన్నా ఆ 'నిజమైతే' ఎక్కువగా గుచ్చుకుంది. బయటికి వచ్చాక భర్త స్కూటర్ తాళం తిప్పుతూ, "నాకు తెలీకుండా ఏం తింటున్నావో చెప్పేయ్. కొడతానా ఏంటి?" అన్నాడు. ఇంటికి వెళ్లగానే అదే ముక్క వాళ్లమ్మ చెవిన వేశాడు. మర్నాటికల్లా అత్తగారు బిస్కెట్ల డబ్బాని అలమర పై అరకి ఎక్కించేసింది. నలభై దాటాక, తను వండే వంటింట్లో తనే దొంగతిండి తినే పిల్ల అయిపోయింది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

పార్సిల్ ఆఫీసులో తూకం తేడా వస్తే ఎవరినీ దొంగ అనరు, పెట్టె విప్పి చూస్తారు. ఆమె కూడా విప్పి చూడాలనుకుంది. మర్నాడంతా తన చేతిని తానే ఓ కంట కనిపెట్టింది. పొద్దున కూతురు, "బస్సొచ్చేసిందమ్మా," అంటూ జామ్ రాసిన రొట్టె సగం వదిలేసి పరిగెత్తింది. ఆ సగం సింకు దాకా వెళ్లలేదు, దారిలోనే ఆమె నోట్లోకి వెళ్లింది. గ్లాసు అడుగున మిగిలిన తీపి పాలు కూడా అంతే. ఆఫీసులో పక్క కౌంటరాయన తను కొరకని సగం బన్ను ఇటు జరిపి, "పారేయడమెందుకండీ, మీరున్నారుగా," అని నవ్వాడు. ఏళ్ల తరబడి వింటున్న మాటే, ఏళ్ల తరబడి తనూ నవ్వుతూ అందుకున్నదే. రాత్రి భోజనాలయ్యాక భర్త ఎప్పటిలాగే కంచంలో అన్నమూ బంగాళదుంప కూరా వదిలేసి లేచాడు. "కడుపు నిండాక ఒక్క ముద్ద కూడా ముట్టను, అదే నా ఆరోగ్య రహస్యం," అని చుట్టాలందరికీ చెబుతాడు. ఆ రహస్యం ఎవరి కడుపులో దాగుందో ఎవరూ అడగలేదు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు అత్తగారు చెప్పిన మొదటి నీతి, "అన్నం పారేసే చేతికి అన్నం పుట్టదు," అన్నదే. అప్పటినుంచీ గిన్నెలు తోమే ముందు అడుగూ బొడుగూ నోట్లో వేసుకోవడం ఆమెకు పనిలో పని. ఈసారి నోటి దాకా వెళ్లిన చేయి ఆపి, ఆ మిగులుని కాటా మీద పెట్టింది. నూట నలభై గ్రాములు. తను మెతుకులు ఏరి తూచుకున్న అన్నం కన్నా ఎక్కువ. ఒక్కతే వంటింట్లో నిలబడి పకపకా నవ్వింది. తను అబద్ధం రాయలేదు. తన కంచంలో వడ్డించుకున్నదంతా రాసింది. వాళ్ల కంచాల్లోంచి వచ్చింది తిండి అని ఆమెకెప్పుడూ తోచలేదు, అది శుభ్రం చేయడం. గిన్నెలు తోమినదానికి కేలరీలు ఎవరు రాస్తారు?

ఆదివారం మధ్యాహ్నం భర్త కంచం వదిలి లేవబోతుంటే, "కూర్చోండి, ఇంకా ఉంది," అంది.

"చాల్లే. నిండిపోయింది."

"నాకూ నిండింది. దొంగచాటుగా ఏం తింటున్నానని అడిగారుగా. ఇదే," అని అతని కంచం చూపించింది.

భర్త ఒక్క క్షణం తెల్లబోయాడు. వెంటనే తేరుకున్నాడు. "అయితే పారెయ్. నిన్నెవరు తినమన్నారు?"

"ఎవరూ తినమనలేదు. వదిలేసి లేచారు, అంతే. ఇకనుంచి ఎవరి కంచం వాళ్లది. సరిపడా వడ్డించుకోండి. మిగిలితే మీరే తినండి, లేదంటే మీ చేత్తోనే పారేయండి, అత్తయ్య చూస్తుండగా."

కూతురు గబగబా తన కంచంలోని ముక్కలు నోట్లో వేసుకుంది. భర్త సాయం కోసం తల్లి వైపు చూశాడు. ఆవిడ ఎవరి వైపూ చూడటం లేదు. ఏళ్లుగా షుగరు మాత్రలు మింగుతున్న ఆవిడ చేయి, దానంతటదే, అలవాటుగా, కొడుకు కంచం మీదికి వెళ్లి మిగిలిన అన్నాన్ని ముద్ద చేస్తోంది.

కోడలు ఆ మణికట్టు మెల్లగా పట్టుకుంది. "వద్దత్తయ్యా. ఈ షుగరు మన పుట్టిళ్ల నుంచి రాలేదు."

అత్తగారు ముద్ద వదిలేసింది. కంచాన్ని కొడుకు ముందుకి జరిపి, "కూర్చో నాన్నా. తిను," అంది.