పిన్ని వదిలి వెళ్ళిన నీడ

పొద్దున్నే లైటు వెయ్యగానే వంటింటి గోడ మీద పిన్ని నీడ లేచి పని మొదలుపెట్టింది. కూర తరిగింది, అన్నం వార్చింది, ముగ్గురి డబ్బాలూ సర్దింది. కరెంటు పోయిన రోజున ఆ ఇంట్లో అందరూ పస్తే.

పిన్ని ఇల్లు వదిలి వెళ్ళి చాలా ఏళ్ళయింది. "మనిషి పోతే పోయింది, పనికి నీడయినా మిగిలింది," అనేవాడు బాబాయి. చుట్టుపక్కల మగవాళ్ళు అతని అదృష్టానికి కుళ్ళుకునేవాళ్ళు. తిండి తినదు, ఎదురు చెప్పదు. అంతకంటే మంచి ఇల్లాలు ఎక్కడ దొరుకుతుంది?

తల్లి లేని పిల్లని, బాబాయి అన్న కూతుర్ని, పెంచింది కూడా ఆ నీడే. జడ వేసింది. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చేతికి వేడి మాత్రం ఉండేది కాదు. ఆ పిల్ల ఇప్పుడు కుట్టుమిషన్ల మెకానిక్కు. కంపెనీ పంపిన ఊరల్లా తిరుగుతుంది. కొత్త ఊళ్ళో దిగినప్పుడల్లా, ముఖం కూడా గుర్తులేని పిన్ని కోసం జనంలో వెతుక్కుంటుంది.

ఈమధ్య నీడ పలచబడుతోంది. గిన్నెలు చేతుల్లోంచి జారిపోతున్నాయి.

"ఇదే నీ ఆఖరి క్యాంపు," అన్నాడు నాన్న, ఆమె పనిముట్ల పెట్టె సర్దుకుంటుంటే. "అది ఇంకెన్నాళ్ళో ఆగదు. ఇంట్లో ఒక ఆడమనిషి ఉండాలా వద్దా?"

"మీ ఇద్దరికీ చేతులున్నాయిగా నాన్నా?"

"ఉంటే? గరిటె పట్టుకోవడానికా?" అన్నాడు బాబాయి.

గోడ మీద నీడ గిన్నె దించలేక అవస్థ పడుతోంది. దాన్ని చూసి ఆమె "సరే" అంది.

ఆ ఊళ్ళో కుట్టు కార్ఖానా నిండా ఆడవాళ్ళే. కిటికీ పక్క మిషను మీద ఒక పెద్దావిడ నల్ల గుడ్డకి నల్ల దారంతో కుడుతోంది.

"ఇలాంటివన్నీ ఆవిడకే ఇస్తాం," అంది సూపర్‌వైజరు. "ఆవిడకి నీడ లేదు. కుట్టు మీద చీకటి పడదు."

మెకానిక్కు పక్క మిషనుకి నూనె వేస్తూ తలెత్తింది. ఎదురుగా చూస్తే ఆ ముఖం ఎవరిదో తెలియలేదు. ఆవిడ దారం తెంపడానికి పక్కకి తిరిగింది. కిటికీ వెలుగులో ఆ ముక్కు, ఆ గడ్డం, మెడ మీదికి జారిన ఆ ముడి. బుద్ధెరిగినప్పటి నుంచి రోజూ గోడ మీద చూసినవే. నూనె డబ్బా చేజారింది.

"పిన్నీ!"

ఆవిడ లేచి వచ్చి ఆ నూనె చేతులు పట్టుకుంది. "బుడంకాయ్! ఇంత పొడుగెప్పుడయ్యావే?"

ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. అంతే, మెకానిక్కుకి ఏడుపు ఆగలేదు.

భోజనాల వేళ అడిగింది. "వెళ్తే వెళ్ళావు. నీడనెందుకు వదిలావు? వాళ్ళకి వండిపెట్టడానికా?"

"వాళ్ళ మొహానికా! ఆ మధ్యాహ్నం మీ బాబాయి నన్ను కొట్టి బయటికెళ్ళాడు. సంచీ సర్దుకున్నాను. నువ్వేమో ఎండ తగలకుండా నా నీడ మీద పడుకుని నిద్రపోతున్నావు. లాగితే లేస్తావు. నువ్వు లేచి ఏడిస్తే నేను వెళ్ళలేను."

"నన్నూ తీసుకెళ్ళాల్సింది."

"పరాయి పిల్లని ఎత్తుకుపోయిందని కేసు పెట్టేవాళ్ళే." ఆవిడ కిటికీలోంచి ఎండని చూసింది. "నువ్వు లేచాక అదే వస్తుందిలే అనుకున్నాను. ఇప్పటికీ వీధిలో నడుస్తూ వెనక్కి తిరిగి చూస్తా. నువ్వింకా నిద్రలోనే ఉన్నావనుకుంటోందేమో పిచ్చిది."

ఇంటికొచ్చేసరికి నాన్న, బాబాయి కంచాల ముందు కూర్చున్నారు. నీడ వడ్డిస్తోంది. ఆమె వంటింట్లోకెళ్ళి గోడకి చెంప ఆనించింది.

"పిన్నీ, నేను లేచాను," అంది.

గరిటె ఆగింది. నీడ దాన్ని గిన్నెలో పెట్టి, చేతులు తుడుచుకుని గోడ దిగింది.

"అదెక్కడికి? కూర వెయ్యందే!" అన్నాడు బాబాయి.

నాన్న కూతురి వైపు తిరిగాడు. "మరి రేపట్నుంచి..."

పనిముట్ల పెట్టె ఆమె ఇంకా కింద పెట్టనే లేదు. గడప దాటాక ఒక్కసారి వంగి, తన నీడ తలుపులో ఇరుక్కోలేదు కదా అని చూసుకుంది.

ఎండలో వీధి వెంట ఒక మనిషి, రెండు నీడలు. పలచగా ఉన్నదే ముందు పరిగెడుతోంది.