కుప్పంలో దిగని కాళ్లు

పుంగనూరులో తిమోతి పక్కింటి కుప్పమ్మ, మదనపల్లె టమాటా మండీకి వచ్చినప్పుడు మా ఇంటావిడ రాజేశ్వరితో అన్నదట: "ఆయప్పకి ఏమో అయ్యిందమ్మా. దినమంతా ఆ బొమ్మ ఇమానం కాళ్లు మడిసేది, సాపేది. కుప్పం కాలేజీ పిల్లోళ్లు ఇంకొకటి సేసియ్యమంటే, నా పని నమ్మొద్దు పొండని పంపించేసినాడంట."

రాజేశ్వరి నవ్వుతూనే చెప్పింది. నేను సగం అన్నంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాను.

తిమోతి ఆసుపత్రి యంత్రాలు బాగుచేసి రిటైరైనవాడు. నేను ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ని. ఆ రిమోట్ విమానానికి మడిచే చక్రాల కాళ్లు ఆయనే చేశాడు. రెక్కలో చిన్న సీసా, దానికి సైకిల్ పంపుతో గాలి కొట్టాలి. రిమోట్‌లో మీట పైకి వేస్తే ఆ గాలి సిరంజి పిడిని నెట్టి కాళ్లను రెక్కలోకి మడుస్తుంది. కిందికి వేస్తే అవతలి వైపు నుంచి నెట్టి చాపుతుంది. చాపిన కాలు గడియ పడినట్టు బిగుసుకుంటుంది. నేల దెబ్బ సిరంజికి తగలదు.

రెండు నెలల కింద కుప్పం కాలేజీ మైదానంలో దాన్ని ఎగరేసింది నేను. పిల్లలు ఈలలు వేస్తుంటే ఇంకో చుట్టు, ఇంకో చుట్టు తిప్పాను. దించేటప్పుడు మీట వేయడం మరిచాను. విమానం పొట్టతో నేల గీసుకుంటూ పోయి విరిగింది. గాలి గొట్టం ఊడిపోయింది. అందరూ అటు పరుగెత్తుతుంటే, నేను వేలితో మీటను మెల్లగా కిందికి జరిపాను.

"కాళ్లు దిగలేదప్పా" అన్నాను.

అందరూ తిమోతిని చూశారు. "సిరంజి రబ్బరు లీకై ఉంటాది" అని ఆయన వంగి ముక్కలు ఏరుకున్నాడు.

ఆదివారం పుంగనూరు బస్సెక్కాను. తిమోతి వసారాలో పంపు కొడుతున్నాడు.

"రా సారూ. మూడు రబ్బర్లు మార్చినా. ఎన్నితూర్లు మడిసినా కాళ్లు దిగుతాండాయి. ఆపొద్దు యాల దిగలేదో తెలీడం లేదు."

"నాకు జ్వరమొస్తే ఇన్నితూర్లు సెయ్యి పట్టి సూడలేదు" అంది ఆయన భార్య లిడియా, చేటలో శెనక్కాయలు వొలుస్తూ.

"నీ పనిలో తప్పు లేదన్నా. మీట ఏసేది నేనే మర్సిపోయినా. తర్వాత ఎవురూ సూడకుండా ఏసినా."

పంపు ఆగింది. లిడియా చేతులూ ఆగాయి.

"ఈ మాట కుప్పంలో సెప్పినావా?" అన్నాడు తిమోతి.

"లేదన్నా. ముందు నీకు సెప్దామని."

"ఆడ అంతమంది ముందర కాళ్లు దిగలేదంటివి. ఈడికొచ్చి నా ఒక్కని సెవిలో సెప్తే నీ కడుపు సల్లబడతాది. నాకేమొస్తాది సారూ?"