పడవ మోత

ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోయడం మా పని. వ్యాన్ నేను నడుపుతాను, గిన్నెలూ గాజుసామానూ అక్క సర్దుతుంది, బరువైనవన్నీ బావ ఎత్తుతాడు. రెండో కొస మా అక్కచెల్లెళ్ళలో ఎవరో ఒకరం పట్టుకుంటాం. మెట్ల మీద మాకు ఒకటే నియమం: ఎవరైనా దించమంటే మిగతావాళ్ళు ఎందుకని అడక్కుండా దించాలి. ఆ నియమం పెట్టింది బావ. దాన్ని ఒక్కసారి కూడా వాడుకోనిదీ బావే.

పోయిన ఏడాది ఓ టేకు బీరువాతో మెట్లు దిగుతూ, పట్టు జారుతోందని తెలిసి కూడా నోరు మెదపలేదు. బీరువా భుజం మీద పడింది. నెలల తర్వాత ఎముక అతుక్కుంది, బరువులెత్తవచ్చని డాక్టరు కూడా చెప్పాడు. అక్క మాత్రం ససేమిరా అంది.

"భుజం సంగతి డాక్టరు చూశాడు. నోటి సంగతి ఎవరు చూస్తారు? దించమని అడగలేని మనిషితో నేను మెట్లెక్కను," అని తేల్చేసింది.

బావ ఉడుక్కున్నాడు, బతిమాలాడు, చివరికి ఇంట్లో కూర్చుని గోడ గడియారాలన్నీ విప్పి బిగించడం మొదలుపెట్టాడు. ఆ గడియారాల పుణ్యమా అని మేమిద్దరం ప్రతి పనికీ ఆలస్యంగా వెళ్ళి చీవాట్లు తిన్నాం.

పడవల పోటీ కబురు అక్కే పట్టుకొచ్చింది. అడవిలో రోజుల తరబడి నది వెంట తెడ్లు వేసుకుంటూ పోవాలి. జలపాతాలో రాళ్ళో అడ్డొస్తే పడవనూ మూటలనూ మోసుకుంటూ ఒడ్డు దారిన దాటాలి, దాన్నే మోత అంటారు. జట్టుకు ముగ్గురు. బీరువా పడితే మనిషి పోతాడు, పడవ పడితే పడవే పోతుంది అన్నది అక్క లెక్క. అక్కడ నోరు విప్పితే బావ మళ్ళీ వ్యాన్ ఎక్కుతాడు, లేదంటే కొత్త మనిషిని పెట్టుకుంటాం. బావ ఎగిరి గంతేశాడు. నాకు ఈత వచ్చా అని ఒక్కరూ అడగలేదు. వచ్చనుకోండి, అయినా అడగాలిగా.

పోటీ మొదలైన కాసేపటికే మేం అందరికన్నా వెనకపడ్డాం. పడవ ముక్కు నీళ్ళలోకి కూరుకుపోయి, నేను తిప్పిన వైపుకు తప్ప అన్ని వైపులకూ పోయింది. వెనక కూర్చుని తిప్పే పని నాది. ఇన్నేళ్ళుగా వ్యాన్ నడుపుతున్నదాన్ని, నాకు పడవో లెక్కా అనుకున్నాను. ముందున్న బావ తెడ్డు తప్పుగా వేస్తున్నాడని నేను, వెనక నేను నిద్రపోతున్నానని బావ, ఇద్దరినీ నోరు మూసుకోమని మధ్యలో అక్క. మా అమ్మ వయసున్న ముగ్గురు ఆడవాళ్ళు చెయ్యూపుతూ మమ్మల్ని దాటిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం ఒడ్డున గుడారం వేస్తుంటే అక్క పడవ వంక చూసి, నవ్వాపుకోలేక అక్కడే కూలబడింది. వ్యాన్‌లో మేం బరువైనవన్నీ ముందుకు తోసి, డ్రైవర్ సీటు వెనక గోడకు ఆనించి పేరుస్తాం. పడవలోనూ అదే చేశాం. తిండి డబ్బాలూ గుడారం మూటా అన్నీ ముందుకే, వాటికీ ముందు బావ. చేతులు అలవాటుగా సర్దేశాయి, ముగ్గురిలో ఒక్కరి బుర్రకూ తట్టలేదు.

మర్నాడు మూటలు వెనక్కి జరిగాయి, వాటితోపాటు బావ కూడా. అంటే తిప్పే పని బావది, నేను ముందుకు. మధ్యాహ్నం దాకా మూతి ముడుచుకునే ఉన్నాను. కానీ పడవ చెప్పినట్టు వింటుంటే ఎంతసేపని అలుగుతాం? నల్లటి నీళ్ళు, రెండు వైపులా ఎత్తైన చెట్లు, మనిషి అలికిడి లేదు. చేతులు బొబ్బలెక్కాయి, నడుం పట్టేసింది, దోమలు మమ్మల్ని పీక్కుతిన్నాయి. అయినా ప్రాణానికి ఎంతో హాయిగా ఉంది.

మోత వచ్చిందంటే మాత్రం మాకు తిరుగులేదు. మిగతావాళ్ళు ఈడ్చుకుంటూ తిట్టుకుంటుంటే మేం పడవను భుజానికెత్తుకుని చకచకా నడిచిపోయేవాళ్ళం. ఆ ముగ్గురు పెద్దావిడల్నీ అలాగే దాటాం. ఈసారి నేను చెయ్యూపాను. కానీ ఏ మోతలోనూ బావ దించమనలేదు. అవసరం రాలేదో, వచ్చినా చెప్పలేదో తెలియదు. అక్క మూటలతో వెనక నడుస్తూ బావ చేతుల వంకే చూసేది.

చివరి మోత జలపాతం పక్క నుంచి దిగే రాళ్ళ దారి. రాత్రి వానకు రాళ్ళు జారుతున్నాయి. దిగేటప్పుడు బరువంతా ముందున్నవాళ్ళ మీదే పడుతుంది. ముందు కొస బావ పట్టుకున్నాడు. సగం దారిలో ఆ భుజం వణకడం నాకు కనపడింది. దించమని నేనే అనవచ్చు, మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనక నుంచి అక్క నా నడుం మీద గట్టిగా గిల్లింది. అంతలో ఆ పెద్దావిడలు వెనకే వచ్చి, కాస్త దారిస్తారా అని అడిగారు. ఇంకేం, ఇక చచ్చినా చెప్పడు అనుకున్నాను.

"దించండి," అన్నాడు బావ.

దించాం. ఎందుకని అడగలేదు. బావ ఓ రాతి మీద కూర్చుని భుజం పట్టుకున్నాడు. మొహం కందగడ్డలా ఉంది.

"పట్టు పోతోంది. అప్పుడూ ఇలాగే అయింది. మీరిద్దరూ ఏమనుకుంటారో అని చెప్పలేదు."

అక్క మూటలు కింద పెట్టింది. పక్కన కూర్చుని భుజం రుద్దుతూ ఉంది, కళ్ళ నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. పెద్దావిడలు మమ్మల్ని దాటిపోయారు. వాళ్ళ వెనక ఇంకో రెండు జట్లు కూడా పోయాయి. నాకు కోపం రాలేదు. నాకే ఆశ్చర్యం వేసింది.

ఆ దిగుడులో బావ ఇంకా చాలాసార్లు దించమన్నాడు. ఆఖరి రెండుసార్లు అవసరం లేకుండానే అన్నాడని నా అనుమానం. రుచి మరిగాడు.

మేం గమ్యం చేరేసరికి నిర్వాహకులు బల్లలు మడుస్తున్నారు. చప్పట్లు కొట్టడానికి మిగిలింది ఇద్దరే. ఒడ్డెక్కగానే అక్క ఫోన్‌కు ప్రాణం వచ్చి మోగింది. ఎవరో ఇల్లు మారుతున్నారట, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఇనప బీరువాలు రెండు. ఎంతమంది వస్తారని అడుగుతున్నారు. అక్క బావ వంక ఒకసారి చూసింది.

"ముగ్గురం వస్తామండీ," అంది.

బావ మాకు వీపు తిప్పేసి, పొద్దున మడిచిపెట్టిన గుడారాన్ని విప్పి, మళ్ళీ మొదటినుంచీ మడవసాగాడు.